బదులు అయ్యగారు

మొన్న వనపర్తి పక్క ఊరి నుంచి ఒక అర్చకుడు ఫోన్ చేశాడు. ఈ వృత్తిలోకి వచ్చి ఏడాది కూడా కాలేదు. వాళ్లకు దగ్గరలో ఒక గుడి పెద్ద అయ్యగారు మోకాలి ఆపరేషన్ చేయించుకుంటున్నారట, మూడు నెలలు ఆయన బదులు చేయమని అడిగారట. "రెండు దినాల ముందే పోయి గుడి మొత్తం సాఫ్ చేసుకుంట, నా పద్ధతిల సర్దుకుంట" అన్నాడు హుషారుగా. "నాయనా, ఏమన్నా చెయ్యి, సాఫ్ మాత్రం చెయ్యకు" అన్నాను. ముసలాయనకు మతి తప్పిందనుకున్నాడేమో, నవ్వి పెట్టేశాడు. అతనికి ఫోన్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా గుడి తాళం చేతికి తీసుకున్న మిగతా వాళ్లు కూడా చదివితే సంతోషం.

నేను లింగాల దగ్గరి ఒక ఊళ్లో ముప్పై రెండేళ్లు అర్చకత్వం చేసి, గొంతు సహకరించక మానుకుని, ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఉంటున్నాను. అన్ని ఏళ్లలో నేను గొప్పగా చెప్పుకోదగినవి నాలుగు నెలలే. అవి కూడా నా గుడిలో కాదు, గద్వాలలో, మగ్గాల వీధిలో ఉన్న అమ్మవారి గుడిలో. నేను చేసిన పెద్ద తప్పు కూడా అక్కడే చేశాను. రెండింటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాదు. కలిపే చెబుతాను.

ముందు సెలవు సంగతి. బడికి సెలవులున్నాయి, బ్యాంకుకు ఉన్నాయి. దేవుడికి లేవు కాబట్టి అర్చకుడికీ లేవు. మా వృత్తిలో సెలవు కావాలంటే ఇంట్లో ఒకరు పుట్టాలి, లేదా ఒకరు పోవాలి. ఆ మైల పది రోజులూ ఎవరో ఒకరు వచ్చి దీపం పెట్టి పోతారు. అంతకు మించి నాలుగు రోజులు ఎటైనా పోయి వస్తానంటే ఊరంతా మన ముఖం వింతగా చూస్తుంది.

గద్వాల గుడి అయ్యగారు నాకు వరసకు అన్న. ఆయన పందొమ్మిదో ఏట పాఠశాలలో చదువుకుంటుండగా తండ్రి పోయాడు. చదువు సగంలో వదిలేసి వచ్చి గుడి తాళం తీసుకున్నాడు. నిత్యపూజ వచ్చు, పండగ పూజలు వచ్చు. ప్రతిష్ఠ చేయించే భాగం మాత్రం నేర్చుకోలేదు. గుడిలో ఏ ప్రతిష్ఠ జరిగినా బయటి నుంచి పండితులను పిలిపించేవారు. ఆ రోజుల్లో ఈయన సొంత గుడిలో నీళ్లు అందిస్తూ, పూలు అందిస్తూ తిరిగేవాడు. ఒకసారి కొల్లాపూర్‌లో ఒక పెళ్లిలో కలిసినప్పుడు నన్ను పక్కకు పిలిచాడు.

"తమ్మీ, వచ్చే ఏడు మా గుడి మీద కొత్త కలశం పెడ్తున్నరు. ఈసారన్న నా చేతితోని చెయ్యాలని ఉన్నది."

"చెయ్యి అన్నా. ఎవరు వద్దన్నరు?"

"రాదు కదా. నేర్చుకోవాలె. నది అవతల పాఠశాలల నాలుగు నెలలు కూసుంటే చెప్తమన్నరు. నాకు చెప్పే గురువు నాకంటే పన్నెండేండ్లు చిన్న." అని చెప్పి, "యాభై ఆరేండ్లకు సదువుకు పోతనంటే నవ్వుతరా?" అని అడిగాడు.

నవ్వరని చెప్పాను. నిజానికి నాకే నవ్వు వచ్చింది, కానీ ఆయన ముఖం చూస్తే బయటికి రాలేదు. అప్పటికప్పుడు నేనే అన్నాను, "నువ్వు పో. నాలుగు నెలలు నేను చేస్త" అని. మా ఊరి గుడిని మా తమ్ముడికి అప్పగించాను. ఆ నాలుగు నెలలే మా ఊరి గుడి చక్కగా నడిచిందని వాడు ఇప్పటికీ అంటుంటాడు.

గద్వాలలో వీధివాళ్లు దీని మీద మూడు సాయంత్రాలు కూర్చున్నారట. కొందరు ససేమిరా అన్నారట. పెళ్లిళ్ల కాలం, మగ్గాల మీద పని నిండుగా ఉండే కాలం, ఇప్పుడు గుడి కొత్త చేతికి ఇస్తే ఎట్లా అని. అప్పుడు ఒక అవ్వ లేచిందట. ఆమె పుట్టిల్లు రాయచూరు వైపు. ఎనభైకి దగ్గరపడినా రాట్నం మీద కండెలు చుడుతూనే ఉండేది. "మగ్గానికి గూడ నెలకొక అమాస సెలవిస్తం. ముప్పై ఏడేండ్ల సంది గాయనకు ఒక్క అమాస గూడ ఇయ్యలే. స్వల్ప సిగ్గుండాలె మనకు" అందట. దాంతో మాట ఖాయమైంది. రోజుకొక ఇల్లు వంతు వేసుకున్నారు. ఆ రోజు వంతు ఇల్లే నైవేద్యానికి బియ్యం, దీపానికి నూనె, పూలు, నా భోజనానికి కావలసినవీ చూడాలి. ఏం జరిగినా అయ్యగారికి ఫోన్ చేయకూడదని కూడా అనుకున్నారు. ఆయన చదువు మధ్యలో చెడితే మళ్లీ పోలేడని అందరికీ తెలుసు.

మాఘమాసంలో నేను దిగాను. అన్న నా చేతికి తాళంతో పాటు నలభై పేజీల నోటు పుస్తకం ఇచ్చాడు. ఏ రోజు ఏ అలంకారం, ఏ ఇంటి వాళ్లు ఏ వారం వస్తారు, గంట తాడు ఎక్కడ బిగుసుకుంటుంది, అన్నీ రాశాడు. బస్సెక్కే ముందు "గుడి కప్పు కూలితె తప్ప ఫోన్ చెయ్యకు తమ్మీ" అన్నాడు. నేను ఆ పుస్తకం రెండుసార్లు చదివాను. అంతా తెలిసిపోయిందనుకున్నాను.

మరునాడే సాఫ్ చేయడం మొదలుపెట్టాను. నాకు చిన్నప్పటి నుంచి ఆ జబ్బు ఉంది. గడప పక్కన మేకుకు ఒక తడిగుడ్డ వేలాడుతోంది, మురికిగా ఉందని తీసి పారేశాను. కుంకుమ భరిణెలో ఒక వెదురు పుల్ల ఉంది, చివర అరిగి నున్నగా అయింది. వచ్చిన ప్రతివాళ్ల నుదుటా అన్న ఆ పుల్లతో బొట్టు పెడతాడని ఎవరో చెప్పారు. నాకు తిక్క రేగింది. ఏ శాస్త్రంలో ఉంది ఈ పుల్ల? అమ్మవారి కుంకుమ చేతిలో వేస్తే కళ్లకద్దుకుని పెట్టుకోవాలి గానీ, ఈ పుల్లలతో పెట్టడమేమిటి? పుల్ల తీసి వత్తులు పెట్టే అరలో వెనక్కి తోసేశాను.

ఇంకో ఘనకార్యం కూడా చేశాను. అన్న పొద్దున పూట పుట్నాలు, ఎండుకొబ్బరి మాత్రమే ప్రసాదం పెట్టేవాడు. నాకు పులిహోర చేయడంలో పేరుంది. మా ఊళ్లో నా పులిహోర కోసం రైతులు నాగళ్లు ఆపి వచ్చేవారు, అది అతిశయోక్తి కాదు. శుక్రవారం పొద్దున్నే పెద్ద గంగాళం నిండా పులిహోర చేసి, నువ్వుల నూనె ధారాళంగా పోసి, పసుపు దండిగా వేసి, అరచేతుల్లో పెట్టాను. అందరూ తిన్నారు, బాగుందన్నారు. నేను పొంగిపోయాను.

రెండో వారానికి జనం తగ్గారు. మూడో వారానికి పొద్దున పూట ముసలివాళ్లు తప్ప పెద్దగా ఎవరూ రావడం లేదు. వచ్చిన ఆడవాళ్లు చెయ్యి చాచకుండా కొంగు పట్టేవారు. మగవాళ్లు పై మీది తువ్వాలు పట్టేవారు. ఒకాయన జేబులోంచి కాగితం తీసి "పొట్లం కట్టియ్యండి అయ్యగారూ, ఇంటికాడ పెట్టుకుంట" అన్నాడు. మా ఊళ్లో రైతులు దోసిలి పడతారు. ఇక్కడ నా చేతి కుంకుమ వీళ్ల చేతికి తగలకూడదన్నట్టు చేస్తున్నారేమిటి అని లోపల కుతకుత ఉడికిపోయాను. నేను బయటివాణ్ణని, నా చెయ్యి వాళ్లకు పనికిరాదని అనుకుంటున్నారని నాకు నేనే కథ అల్లుకున్నాను.

నాలుగో శుక్రవారం ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. గుడికి నాలుగిళ్ల అవతల ఆమె, ఆమె భర్త ఒకే మగ్గం మీద పనిచేస్తారు. ఆమె కూడా కొంగు పట్టింది. ఆ రోజు నేను ఆగలేకపోయాను.

"ఏందమ్మా ఇది? అమ్మవారి కుంకుమ కొంగుల పడ్తరా? చెయ్యి పట్టు. కుడి చెయ్యి. మంచిగ పట్టు."

గుడిలో ఉన్న నలుగురూ తిరిగి చూశారు. ఆమె ఒక్క క్షణం తడబడి, కొంగు వదిలి, చెయ్యి చాచింది. నేను కుంకుమ దండిగా వేశాను, పైన తీర్థం కూడా పోశాను. దాని పైన పులిహోర. ఆమె తలవంచుకుని పోయింది. నేను గెలిచినట్టు గంట కొట్టాను. ఆ రోజును తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్లు మండుతుంది.

తర్వాత పది రోజులకు కమిటీ పెద్దమనిషి వచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి, సొంత మగ్గాలు నాలుగున్నాయి, మాట నెమ్మది. "అయ్యగారూ, ఇయ్యాల సాయంత్రం అందరం మండపంల కూసుంటున్నం. మీరు గూడ జర ఉండాలె" అన్నాడు. ఆయన నా కళ్లలోకి చూడలేదు. కూర్చునేది నా గురించేనని అర్థమైంది.

సాయంత్రం మగ్గాలు ఆగిన తర్వాత ఇరవై మంది దాకా వచ్చారు. పెద్దమనిషి గొంతు సవరించుకుని, "మన అయ్యగారిని పిలుద్దామనుకుంటున్నం. సదువు తర్వాత జూసుకుంటడు" అన్నాడు. ఆయన చేతిలో ఫోన్ ఉంది. అన్న నంబరు అప్పటికే తీసి పెట్టుకున్నాడు.

"నేనేం తప్పు చేసిన?" అని లేచాను. "మంత్రం తప్పిన్నా? వేళ తప్పిన్నా? ఒక్కనాడు దీపం ఆరిందా?"

"మీ పూజకేం వంక లేదు అయ్యగారూ."

"మరి ఎందుకు రారు గుడికి?"

ఇరవై మంది పెద్దలు నేల చూపులు చూస్తున్నారు. అన్న అక్కడ నది అవతల తనకంటే చిన్నవాడి ముందు కూర్చుని పాఠం వల్లె వేస్తున్నాడు. ఈ ఫోన్ పోతే ఆయన పెట్టె సర్దుకుని మరుసటి బస్సుకే వచ్చేస్తాడు, కారణం కూడా అడగడు. ఇంక జన్మలో మళ్లీ పోడు. వచ్చే ఏడు తన గుడి మీద కలశం పెడుతుంటే మళ్లీ నీళ్ల చెంబు పట్టుకుని నిలబడతాడు. అది నా వల్ల జరగబోతోంది, ఎందుకో మాత్రం నాకు తెలియడం లేదు.

అప్పుడు వీధి వైపు నుంచి అవ్వ వచ్చింది. ఒక చేత్తో నాలుగిళ్ల అవతలి ఆ మగ్గం ఆమెను లాక్కొస్తోంది. ఆమె "వద్దు అవ్వా, చెప్పద్దు" అంటూ వెనక్కి గుంజుతోంది. అవ్వ చంకలో ఒక మడత ఉంది.

"ఫోన్ జేబుల పెట్టు" అంది అవ్వ పెద్దమనిషితో. "గాయనను పిలుసుడు సులువు. ఈయనకు చెప్పుడు కష్టమని పిలుస్తున్నరు మీరు. ఇరవై మంది మొగోళ్లు, ఒక్కనికి నోరు లేదు." తర్వాత నా వైపు తిరిగి, "అయ్యా, జర ఇది చూడు" అని మడత విప్పింది.

గద్వాల చీర. మీగడ రంగు నూలు, మామిడి పండు రంగు పట్టు అంచు. పెళ్లికూతురికని నేయించిన చీర. అంచుకు జానెడు దూరంలో ఎర్రటి మరక. బొటనవేలి ఆకారం స్పష్టంగా తెలుస్తోంది. కడగబోయినట్టున్నారు, చుట్టూ గులాబీ రంగుగా పాకింది. పక్కనే పసుపుపచ్చని నూనె చుక్క.

"గుడి నుంచి వచ్చి చెయ్యి కడుక్కునే మగ్గం మీద కూసున్నది. గోరు సందుల ఉన్నది పోలే. తెగిన పోగు అతికినప్పుడు అంటింది. ఎనిమిది దినాల పని. షావుకారు చూడంగనే ఎనక్కి తోసిండు" అంది అవ్వ.

కొంగు, తువ్వాలు, కాగితం పొట్లం, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. వాళ్లు నన్ను అవమానించలేదు. నెల రోజులుగా నా మనసు నొప్పించకుండా, అమ్మవారి ప్రసాదాన్ని కాదనకుండా, తమ పని పాడుకాకుండా ఎట్లా రావాలా అని తంటాలు పడ్డారు. చివరికి దారి దొరక్క రావడమే మానుకున్నారు. ఒకామె దారి వెతుక్కుంటే నేను నలుగురిలో గద్దించి చెయ్యి పట్టించాను.

"ఆనాడే ఎందుకు చెప్పలేదమ్మా?" అని ఆమెను అడిగాను.

ఆమె తల ఎత్తకుండానే అంది. "అమ్మవారి కుంకుమ అయ్యగారూ. అది మచ్చ అని ఏ నోటితోని అంట?"

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. పూజ చేసే నాకంటే, చీర పోగొట్టుకున్న ఆమెకే ఆ కుంకుమ మీద గౌరవం ఎక్కువ ఉంది. ఇరవై మంది ముందు ఆమెకు దండం పెట్టాను. ఆమె బెదిరిపోయి అవ్వ వెనక్కి దాక్కుంది.

"మరి మీ అయ్యగారు ఎట్ల ఇస్తుండె?" అని అడిగాను.

"పుల్ల" అంది అవ్వ. "పుల్లతోని నుదుటికే పెడ్తుండె. చేతులల్ల అంటేటిది ఏం పెట్టకుండె. ప్రసాదం పొడిగ ఉండే పుట్నాలు. గడపకాడ తడిగుడ్డ, ఒకవేళ ఏమన్న అంటితె తుడుసుకోనీకి. గాయన నాయన కాలంల మా అత్త చీర గిట్లనే పాడైతె, ఆమె పోయి మొత్తుకున్నది. గప్పటి నుంచి పుల్ల వచ్చింది."

నేను లోపలికి పోయి వత్తుల అరలో చెయ్యి పెట్టి వెతికి, పుల్ల తెచ్చి అందరి ముందు భరిణెలో పెట్టాను. "ఇంకేమేం తీసేసిన్నో చెప్పండి" అన్నాను. ఎవరో ఒకరు కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. పెద్దమనిషి ఫోన్ జేబులో వేసుకున్నాడు. అన్నకు ఆ కబురు వెళ్లలేదు. ఆ రోజు మండపంలో ఆ ఫోన్ జేబులోకి పోవడం చూసినంత హాయి నాకు ఏ ఉత్సవంలోనూ కలగలేదు.

మరునాటి నుంచి అవ్వ పొద్దున్నే వచ్చి గడప దగ్గర కూర్చునేది. "అయ్యా, తీర్థం అంత పోయకు, మోచేతుల దాక కారుతున్నది", "అయ్యా, హారతి కళ్లకద్దుకున్నంక మసి అంటుతది, గుడ్డ తడిగ ఉంచు" అని నాకు చెప్పేది. నేను సరేనవ్వా అనేవాణ్ణి. నా ఇరవై ఏళ్ల అనుభవం ఎవరికైనా కావాలంటే అప్పుడు ఉచితంగా ఇచ్చేసేవాణ్ణి. పులిహోర మానలేదు. మగ్గాల మీద గుడ్డ కప్పిన తర్వాత సాయంత్రం పూటకు మార్చాను. అప్పుడు ఆ వీధిలో నా పులిహోరకు మా ఊరిని మించిన పేరొచ్చింది. ఈ మాట రాయకుండా ఉండలేను.

మధ్యాహ్నాలు మగ్గం ఇళ్లకు పోయి కూర్చునేవాణ్ణి. మొదట చీర పాడైన వాళ్లింటికే పోయాను. ఆమె భర్త నన్ను మగ్గం గుంటలో కూర్చోబెట్టి తొక్కు పలకల మీద కాళ్లు పెట్టించాడు. పోగును అటూ ఇటూ మోసే నాడె రెండుసార్లు వేసేసరికి మూడు పోగులు తెంపాను. ఆమె పక్కన వంగి, నవ్వాపుకుంటూ, ఒక్కొక్క పోగునూ వేళ్ల కొసలతో మెలిపెట్టి అతికింది. గంటసేపు చూశాను. ఆ గంటలో ఆమె వేళ్లు దారాన్ని తాకని నిమిషం లేదు. నలభై పేజీల పుస్తకంలో లేనిది నాకు అక్కడ తెలిసింది.

ఆ చీర ఏమైందని అడుగుతారేమో. అన్న సెలవు ముగిసి నేను పోయేటప్పుడు మా ఆవిడకు ఒక చీర పెట్టి పంపాలని వీధివాళ్లు అనుకున్నారు. ఏది కావాలంటే, అదే కావాలన్నాను. మచ్చ చీర అయ్యగారి ఇంటికి ఎట్లా ఇస్తామని గొడవ చేశారు. నేను పట్టు వదల్లేదు. నేసిన వాళ్లకు రావలసింది కమిటీ ఇచ్చేసింది. మా ఆవిడ దాన్ని మూడు పెళ్లిళ్లకు కట్టింది. మచ్చ కుచ్చిళ్లలోకి పోయేట్టు కడుతుంది. ఎవరైనా చీర బాగుందంటే మాత్రం కుచ్చిళ్లు పైకి తీసి చూపించి, "ఇది మా ఆయన పనితనం" అంటుంది.

జనం ఒక్కరోజులో తిరిగి రాలేదు. వారం వారం పెరిగారు. వైశాఖం వచ్చేసరికి పొద్దున పూట వరుస వీధిలోకి పోయేది. పెద్దమనిషి ఒకనాడు పక్కన నిలబడి, "అయ్యగారూ, మీ ఊరోళ్లు మిమ్మల్ని మాకు ఇయ్యరా?" అని నవ్వాడు. సరదాకే అన్నాడు. కానీ నాకు ఆ మాట ఇప్పటికీ తియ్యగా ఉంటుంది. ఆ నాలుగు నెలలూ గుడిని నేను నడిపానని నేను అనుకున్నాను. నిజానికి వీధి నన్ను నడిపింది. అయినా గర్వం నాకూ కొంచెం ఉండనివ్వండి. నేర్పితే నేర్చుకునే మనిషినే కదా వాళ్లు నడిపింది.

అన్న చెప్పిన రోజుకు వారం ముందే వచ్చాడు. మధ్యాహ్నం బస్సు దిగి, పెట్టె పట్టుకుని నేరుగా గుడికి వచ్చాడు. మనిషి సన్నబడ్డాడు. ముఖం మాత్రం వెలుగుతోంది. "అయింది తమ్మీ. మొత్తం అయింది. గురువు ముందర తప్పు లేకుండ అప్పజెప్పిన" అన్నాడు. తర్వాతి ఏడు ఆ కలశం ఆయన చేతితోనే ఎక్కింది. ఆ రోజు నీళ్లందించింది నేను.

నేను ఉన్నదంతా చెప్పాను. మరక, మండపం, ఫోన్. "పుల్ల సంగతి పుస్తకంల ఎందుకు రాయలేదన్నా?" అని నిలదీశాను.

"నాకే తెల్వదు కదా" అన్నాడు. "మా నాయన పుల్లతోని పెడ్తుండె, నేను గట్లనే పెట్టిన. నాయనకు చెయ్యి వణుకుతుండె, గందుకని పుల్ల పట్టిండనుకున్న."

ముప్పై ఏడేళ్లు ఒక వీధి పనిని కాపాడుతూ వచ్చాడు, కాపాడుతున్నట్టు ఆయనకే తెలియదు. తాళం తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన తీసుకోలేదు.

"ఇంక వారం ఉన్నది కదా నా సెలవు?"

"ఉన్నది."

"అయితె నువ్వే చెయ్యి. నేను లైన్ల నిలబడ్త."

మరునాడు పొద్దున ఆయన స్నానం చేసి, తువ్వాలు భుజాన వేసుకుని, వీధిలో వరుస చివర నిలబడ్డాడు. ముందున్న వాళ్లు ఒక్కసారిగా పక్కకు జరిగి దారి ఇచ్చారు. అవ్వ గడప దగ్గర నుంచి అరిచింది, "ఎవ్వరూ జరగొద్దు. ఆయన సెలవుల ఉన్నడు. వంతు వచ్చినప్పుడు వస్తడు." అందరూ మళ్లీ సర్దుకున్నారు. ఆయన ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చాడు. ముందు నేతగాళ్లు, వెనక నేతగాళ్లు, మధ్యలో ఆయన.

ఆయన వంతు వచ్చింది. హారతి పట్టాను. చేతులు ఏం చేసుకోవాలో ఆయనకు తెలియలేదు. ఎడమ చెయ్యి గంట కోసం లేచి, మళ్లీ కిందికి దిగింది. పుల్లతో బొట్టు పెట్టాను. ఆయన కదల్లేదు. అమ్మవారినే చూస్తున్నాడు.

"తమ్మీ, ఈడికెళ్లి గిట్ల కనవడ్తదా అమ్మ?" అని మెల్లగా అడిగాడు. "ఇన్నేండ్లు పక్కన నిలబడే చూసిన. ఎదురుంగ నిలబడి ఎన్నడు చూడలే."

వెనక వరుస వీధి దాకా ఉంది. మగ్గాల వేళ అవుతోంది. ఒక్కరు కూడా తొందర పెట్టలేదు. నా చేతిలో కర్పూరం ఆరిపోయింది. ఇంకో బిళ్ల తీసి వెలిగించాను.